15 డిగ్రీల వెనుక ఉన్న లెక్క: వాలు నేలపై గడ్డికోత యంత్రం, దాని పెట్రోలు

సారాంశం: కూర్చుని నడిపే గడ్డికోత యంత్రాలను 15 డిగ్రీలకు మించిన వాలుపైకి తీసుకువెళ్లవద్దని తయారీదారులు చెబుతారు. కదలకుండా నిలబెడితే అదే యంత్రం 30 డిగ్రీలు దాటినా పడిపోదు కాబట్టి ఈ హద్దు అతి జాగ్రత్తలా కనిపిస్తుంది. మలుపు, గుంత, వేగం, తడి గడ్డి లెక్కలోకి వస్తే ఆ మిగులంతా ఎలా ఖర్చయిపోతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. అదే యంత్రంలో పోసే పెట్రోలు విషయంలో ఆవిరి, వేడి, స్థిర విద్యుత్తు ఎలా పనిచేస్తాయో, అమెరికాలోనూ భారతదేశంలోనూ ఉన్న నిబంధనలు ఏమిటో రెండో భాగంలో ఉంది.

అమెరికా శివార్లలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు ఇంటితోపాటు పచ్చిక బాధ్యత కూడా వస్తుంది. గడ్డి పెరిగితే కాలనీ సంఘం నుంచి నోటీసు వస్తుంది. స్థలం పెద్దదైతే కొందరు పనివాళ్లను కుదుర్చుకుంటారు, కొందరు కాంట్రాక్టర్లు వాడి అమ్మిన జీరో-టర్న్ యంత్రాన్ని, అంటే ఉన్నచోటనే గిర్రున తిరగగల గడ్డికోత యంత్రాన్ని కొనుక్కుంటారు. ఇంటి వాడకానికి చేసిన చిన్న యంత్రాలతో పోలిస్తే ఈ వాణిజ్య యంత్రాలు బరువైనవి, వేగమైనవి. నాలుగైదు వందల కిలోల నుంచి ఏడు వందల కిలోల దాకా తూగుతాయి, గంటకు 16 కిలోమీటర్లు దాటి పరుగెత్తగలవు. సమతల నేలపై వీటితో పని సులువు. వాలు మొదలైన చోట మాత్రం నడిపేవారి అంచనాకూ యంత్రం నిజంగా చేసేదానికీ మధ్య దూరం పెరుగుతుంది. ఎంత వాలు సురక్షితమన్న ప్రశ్నకు ఒక్కొక్క చోట ఒక్కొక్క జవాబు దొరకడం ఈ గందరగోళానికి మొదటి కారణం.

ఒకే వాలు, మూడు కొలతలు

యంత్రంతో వచ్చే పుస్తకంలో వాలు డిగ్రీల్లో ఉంటుంది. రోడ్డు పక్కన పెట్టే బోర్డుల మీద శాతంలో ఉంటుంది. సివిల్ ఇంజనీర్ల నక్షాల్లో నిష్పత్తిగా, అంటే ఎంత అడ్డానికి ఎంత ఎత్తు అన్న లెక్కలో ఉంటుంది. 15 డిగ్రీల వాలు శాతంలో చెబితే దాదాపు 27, నిష్పత్తిలో చెబితే సుమారు 3.7:1. పది మీటర్లు అడ్డంగా పోతే నేల 2.7 మీటర్లు లేస్తుందన్నమాట. 45 డిగ్రీలు 100 శాతంతో సమానం కాబట్టి, శాతాన్నీ డిగ్రీనీ ఒకటిగా తీసుకున్నవారు వాలు తీవ్రతను ఎక్కువగానో తక్కువగానో చాలా తప్పుగా అంచనా వేస్తారు.

ఇందులో అసలు చిక్కు నిష్పత్తి దగ్గర ఉంది. రహదారి గట్లకూ, వాననీటి చెరువుల ఒడ్లకూ సంబంధించిన నిర్మాణ మార్గదర్శకాల్లో, గడ్డి కోయడానికి వీలైన వాలుకు గరిష్ఠ హద్దుగా 3:1 తరచుగా కనిపిస్తుంది. 3:1 అంటే 18.4 డిగ్రీలు. నక్షా గీసినవారి దృష్టిలో అది కోయదగిన గట్టు. పచ్చిక కోయడానికి వచ్చిన మనిషి కూర్చున్న యంత్రం పుస్తకం ప్రకారం అది వెళ్లకూడని గట్టు. 4:1 వాలు 14 డిగ్రీలు కాబట్టి అంచుకు ఇవతల ఆగుతుంది. కొత్త కాలనీల్లో వాననీటిని నిలబెట్టడానికి తవ్వే చెరువుల ఒడ్లు ఎక్కువగా ఈ రెండింటి మధ్యే ఉంటాయి. పైగా వాటి కింది అంచున నీళ్లుంటాయి. నక్షాలో ఒక గీతగా తీసుకున్న నిర్ణయం ఎన్నేళ్లయినా ప్రతి వారం ఒక మనిషిని ఆ అంచుకు తీసుకువెళ్తూనే ఉంటుంది. ఈ తేడాను నక్షా దశలోనే సరిచేయాలి. కోసేవారి నేర్పు మీదికి నెట్టడం న్యాయం కాదు.

కంటి అంచనాను నమ్మకుండా కొలవడం కష్టమేమీ కాదు. మీటరు పొడవున్న తిన్నని కర్రను ఒక కొన పైనేలకు ఆనించి, నీటిమట్టంతో అడ్డంగా నిలిపి, రెండో కొన నుంచి నేలకు ఎంత దూరముందో చూడాలి. 18 సెంటీమీటర్లుంటే 10 డిగ్రీలు, 27 ఉంటే 15 డిగ్రీలు. ఫోనులోని కోణమానినీ వాడవచ్చు. అయితే ఫోనును నేరుగా గడ్డిమీద పెడితే ఆ ఒక్క చోటి ఎగుడుదిగుడే కనిపిస్తుంది కాబట్టి, రెండు మీటర్ల పలక పరచి దానిమీద పెట్టాలి. గట్టు అంతటా వాలు ఒకేలా ఉండదు. కొలవవలసింది అన్నిటికంటే నిటారుగా ఉన్న చోటును.

20 డిగ్రీల మిగులు ఎక్కడికి పోతుంది

పక్కకు ఒరిగిన యంత్రం పడిపోవడానికి మూలసూత్రం పాఠశాల భౌతికశాస్త్రంలో ఉన్నదే. గురుత్వ కేంద్రం నుంచి కిందికి గీసిన నిలువు గీత కింది చక్రాన్ని దాటి బయటికి పోయిన క్షణంలో యంత్రం బోల్తా పడుతుంది. చక్రాల మధ్య వెడల్పు మీటరు, నడిపే మనిషితో కలిపి గురుత్వ కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న యంత్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, అది నిశ్చలంగా ఉన్నప్పుడు దాదాపు 35 డిగ్రీల దాకా నిలబడుతుంది. ఈ సంఖ్య తెలిసినవారికి 15 డిగ్రీల హద్దు చాలా మిగులు పెట్టి రాసినట్టు అనిపిస్తుంది. కదిలే యంత్రానికి అదే లెక్క వేస్తే పరిస్థితి మారుతుంది.

యంత్రం 15 డిగ్రీల వాలుకు అడ్డంగా పోతూ, గంటకు 8 కిలోమీటర్ల వేగంతో, రెండు మీటర్ల వ్యాసార్ధంలో పైవైపు మలుపు తిరిగిందనుకుందాం. మలుపులో యంత్రాన్ని బయటికి, అంటే కింది వైపుకు నెట్టే బలం దాని బరువులో పావు వంతు ఉంటుంది. ఇది మరో 14 డిగ్రీల వాలు వచ్చి చేరినదానితో సమానం. అదే సమయంలో కింది చక్రం 10 సెంటీమీటర్ల లోతున్న గుంతలో దిగితే యంత్రం ఇంకో 6 డిగ్రీల దాకా ఒరుగుతుంది. మూడూ కలిస్తే 35. అతి జాగ్రత్తగా కనిపించిన మిగులు ఒక మామూలు మలుపుతో, గడ్డిలో కనబడని ఒక గుంతతో పూర్తిగా ఖర్చయిపోయింది. తయారీదారు విడిచిన 20 డిగ్రీలు వాడుకోవడానికి మిగిలిన స్థలం కాదన్న సంగతి ఈ లెక్క చూపిస్తుంది. ఆ స్థలాన్ని మలుపూ గుంతా ముందే వాడేసుకుంటాయి.

వేగం పెరిగితే ఈ లెక్క ఇంకా త్వరగా చెడుతుంది. మలుపులో నెట్టే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 8 నుంచి 12 కిలోమీటర్లకు పోతే అది రెండు రెట్లకు పైగా అవుతుంది. అదే వ్యాసార్ధంలో 12 కిలోమీటర్ల మలుపు ఒక్కటే 29 డిగ్రీల వాలుకు సమానం. అలాంటి మలుపు 15 డిగ్రీల గట్టు మీద తిరిగితే యంత్రం బోల్తా అయినా పడాలి, జారైనా పోవాలి. నిమిషానికి ఇంత విస్తీర్ణం కోయాలన్న ఒత్తిడిలో పనిచేసే బృందాలకు ఈ నాలుగు కిలోమీటర్ల తేడా చిన్నదిగా కనిపించడం సహజమే. యంత్రానికి మాత్రం అది చిన్నది కాదు.

వెనుక గడ్డి సంచి తగిలించినా, సంచి నిండినా, ఒక పక్క ట్యాంకు ఖాళీ అయి మరో పక్కది నిండుగా ఉన్నా గురుత్వ కేంద్రం జరుగుతుంది. పెద్ద వాణిజ్య యంత్రాల్లో రెండు ట్యాంకులకు కలిపి 40 లీటర్ల దాకా పడుతుంది. లీటరు పెట్రోలు దాదాపు 0.74 కిలోలు కాబట్టి అది 30 కిలోల బరువు. వాలు మీద పనిచేసే రోజున గడ్డి సంచి తీసివేయడం, రెండు ట్యాంకులనూ సమంగా వాడటం ఈ కారణం చేతనే అవసరం.

ఎక్కిన యంత్రం దిగేటప్పుడు ఎందుకు జారుతుంది

బోల్తా కన్నా ముందుగా, ఎక్కువసార్లు జరిగేది జారడం. ఇక్కడ జీరో-టర్న్ యంత్రపు నిర్మాణాన్ని విడిగా అర్థం చేసుకోవాలి. దీనికి స్టీరింగు చక్రం ఉండదు. వెనుక రెండు చక్రాలకు రెండు హైడ్రాలిక్ మోటార్లు, వాటికి రెండు మీటలు ఉంటాయి. కుడి మీట కుడి చక్రాన్ని, ఎడమ మీట ఎడమ చక్రాన్ని నడుపుతుంది. ముందు చక్రాలు ఎటు పడితే అటు తిరిగే కాస్టర్లు. వాటికి చోదన శక్తి లేదు, బ్రేకు లేదు, దిశను నిర్ణయించే పనీ లేదు. నడపడం, ఆపడం, తిప్పడం అనే మూడు పనులూ వెనుక రెండు టైర్ల పట్టు మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ పట్టు పోతే మూడూ ఒక్కసారే పోతాయి. కారులో వెనుక చక్రం జారినా ముందు చక్రాలతో దారి మార్చుకునే వీలుంటుంది, దీనికి అదీ లేదు.

సమతల నేలపై యంత్రపు బరువులో 65 శాతం వెనుక చక్రాల మీద ఉంటుందనుకుందాం. పైకి ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జరిగి, 15 డిగ్రీల వాలులో దాదాపు 77 శాతం ఆ చక్రాల మీద పడుతుంది. టైర్లు బాగా పట్టుకుంటాయి. అదే గట్టును ముందుకు దిగేటప్పుడు బరువు కాస్టర్ల మీదికి జారి, వెనుక చక్రాల వాటా 48 శాతానికి తగ్గుతుంది. యంత్రాన్ని నిలపడానికి కావలసిన బలం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే. దీన్ని ఘర్షణ గుణకంగా, అంటే టైరుకు నేల మీద దొరకవలసిన పట్టును చెప్పే సంఖ్యగా మార్చి చూస్తే, ఎక్కడానికి 0.33 చాలు, దిగడానికి 0.54 కావాలి. ఎండిన గడ్డి మీద ఆ పట్టు దొరకవచ్చు. మంచు కురిసిన ఉదయం, వాన వెలిసిన సాయంత్రం, కోసిన గడ్డి ముక్కలు పరచుకున్న నేల మీద దొరుకుతుందన్న హామీ లేదు. ఇబ్బంది లేకుండా ఎక్కిన యంత్రం దిగేటప్పుడు మొండికేయడానికి కారణం ఇదే. ఎక్కగలిగాం కనుక దిగగలం అన్న నమ్మకం ఇక్కడ చెల్లదు.

చాలా తయారీదారుల పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది: వెనక్కి నడుపుతూ ఎక్కలేని గట్టును కోయవద్దు, ఎక్కినా మనసుకు భయం తోస్తే కోయవద్దు. కారణం చెప్పరు కాబట్టి చాలామందికి ఇది వింతగా కనిపిస్తుంది. పై లెక్క చూస్తే కారణం స్పష్టం. వెనక్కి ఎక్కేటప్పుడు కాస్టర్లు కింది వైపు, నడిపే చక్రాలు పై వైపు ఉంటాయి. బరువు పంపకం ముందుకు దిగేటప్పుడు ఉన్నట్టే ఉంటుంది. అంటే దిగేటప్పుడు దొరకబోయే పట్టును, జారినా నష్టం లేని గట్టు అడుగు భాగంలో, ముందుగానే పరీక్షించుకోవడం. బ్లేడ్లు ఆపి, కింద ఖాళీ నేల ఉన్న చోట చేయవలసిన పరీక్ష ఇది. కింద నీళ్లో గోడో ఉంటే ఆ పరీక్ష కూడా వద్దు.

కూర్చుని నడిపే యంత్రాన్ని వాలుకు అడ్డంగా కాక పైకీ కిందికీ నడపాలన్న నియమం పక్కకు బోల్తా పడే లెక్క నుంచి పుట్టింది. అయితే పైకి ఎక్కేటప్పుడు ముందు చక్రాల మీద బరువు అయిదో వంతు కంటే తక్కువకు పడిపోతుంది కాబట్టి, గట్టు మధ్యలో ఆగి మీటలను ఒక్కసారిగా ముందుకు తోస్తే ముందు భాగం లేచి యంత్రం వెనక్కి తిరగబడే ప్రమాదముంది. వాలు మీద ఆగడం, ఒక్కసారి కదలడం, ఉన్నచోటనే గిర్రున తిరగడం అనే మూడూ మానుకోవలసినవి. జారడం మొదలైతే బ్లేడ్లను ఆపి, మీటలను అదాటున వెనక్కి లాగకుండా, నిదానంగా తిన్నగా కిందికి దించాలి. కాలు కింద పెట్టి ఆపే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు. బ్లేడు కొన వేగానికి అమెరికా ప్రమాణాల్లో ఉన్న హద్దు నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒక రాయి తగిలినా తుపాకి గుండులా ఎగురుతుంది.

చేతితో తోసుకుంటూ వెనుక నడిచే యంత్రానికి నియమం తలకిందులవుతుంది. దాన్ని వాలుకు అడ్డంగానే నడపాలి. పైకీ కిందికీ నడిపితే జారిన పాదం బ్లేడు కిందికి పోవచ్చు, లేదా యంత్రమే మనిషి మీదికి దొర్లవచ్చు. పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగిపోవాలన్న నిబంధన అమెరికాలో ఇళ్లలో వాడే ఇలాంటి యంత్రాలకు 1982 జూన్ 30 నుంచి అమలులో ఉంది. రెండు రకాలనూ వాడేవారు ఒకదాని నియమాన్ని మరొకదానికి పొరపాటున వర్తింపజేయడం తేలిక కనుక, పని మొదలుపెట్టే ముందే గుర్తు చేసుకోవాలి.

నీటి అంచు, నిలువు గోడ, కాలువ ఉన్న చోట యంత్రపు వెడల్పుకు కనీసం రెండింతల దూరం వదలాలని తయారీదారులు చెబుతారు. ఆ పట్టీని చేతి యంత్రంతోనో, భుజాన తగిలించుకునే బ్రష్ కట్టరుతోనో కోయాలి. కోయకుండా వదిలి, అక్కడ గడ్డికి బదులు పొదలు నాటడం అంతకంటే మంచి పని.

రోల్ బార్, సీటు బెల్టు: ఒకటి లేనిదే రెండోది లేదు

సీటు వెనుక నిలువుగా ఉండే ఉక్కు చట్రాన్ని రోల్ బార్ అంటారు. యంత్రం తిరగబడినప్పుడు దాని బరువును ఇది నేలకు అందించి, సీటు చుట్టూ మనిషి బతికే చోటును కాపాడుతుంది. ఆ చోటులోనే మనిషిని ఉంచే పని బెల్టుది. బెల్టు లేకపోతే మనిషి ముందు బయటికి విసిరివేయబడతాడు, ఆ తర్వాత అదే చట్రం అతని మీద పడుతుంది. అందుకే చట్రం నిలబెట్టినప్పుడు బెల్టు తప్పనిసరి. చెట్టు కొమ్మల కింద దూరడానికి చట్రాన్ని మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే అప్పుడు బెల్టు మనిషిని యంత్రం కిందే కట్టేస్తుంది. ఆచరణలో ఎదురయ్యే లోపం ఏమిటంటే, ఒక చెట్టు కోసం మడిచిన చట్రం రోజంతా మడిచే ఉండిపోతుంది. మడిచిన చట్రంతో వాలుపైకి వెళ్లడం చట్రమే లేకుండా వెళ్లడంతో సమానం.

ఈ పరికరం పనిచేస్తుందనడానికి ఆధారం వ్యవసాయ ట్రాక్టర్ల చరిత్రలో ఉంది. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. అమెరికాలో కార్మికులు నడిపే ట్రాక్టర్లకు 1976లో నిబంధన వచ్చింది. తెలుగు పల్లెల్లో మాత్రం రోల్ బార్ ఉన్న ట్రాక్టరు ఇప్పటికీ అరుదే. ట్రాక్టరు కాలువలోకో పొలం గట్టు కిందికో తిరగబడి మనుషులు చనిపోయిన వార్తలు వ్యవసాయపు రోజుల్లో వస్తూనే ఉంటాయి. అక్కడ జరిగేది ఈ వ్యాసంలో చెప్పిన భౌతికశాస్త్రమే. కాలువ గట్ల వెలుపలి వాలు సాధారణంగా 2:1, అంటే 26 డిగ్రీల పైమాటే కాబట్టి, ఏ కూర్చునే గడ్డికోత యంత్రానికీ అది తగిన చోటు కాదు.

నిటారు గట్లకు వేరే యంత్రాలున్నాయి. ఒహాయో రాష్ట్రంలో తయారైన వెంట్రాక్ 4500 జంట చక్రాలతో 30 డిగ్రీల దాకా పనిచేసేలా రూపొందింది. నాలుగు చక్రాలకూ శక్తి అందడం, నడుం దగ్గర మెలిక తిరిగే చట్రం, తక్కువ ఎత్తు దానికి ఆ సామర్థ్యాన్ని ఇచ్చాయి. చెక్ దేశంలో పుట్టిన స్పైడర్ వంటి రిమోట్ యంత్రాలు ఇంకా నిటారు గట్టు ఎక్కుతాయి. వాటి మీద మనిషే ఉండడు. ధర ఎక్కువే. అయితే గుత్త మాట్లాడుకునేటప్పుడు విస్తీర్ణానికి ఒకే రేటు కట్టి, నిటారు గట్టుకు విడిగా ధర పెట్టకపోతే, ఆ తేడాను మోసేది యంత్రం మీద కూర్చున్న మనిషి. అమెరికాలో ఆ మనిషి తరచుగా హెచ్-2బీ వీసా మీద కొన్ని నెలల కోసం వచ్చిన కూలి. ఈ గట్టు నేను కోయను అని చెప్పగలిగే స్థితి అతనికి ఉండాలంటే ఆ మాట యజమాని నోటి నుంచి ముందుగా రావాలి.

పెట్రోలు: మండేది ఆవిరి

పెట్రోలు ద్రవరూపంలో మండదు. దాని ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం దాకా కలిసినప్పుడు మండుతుంది. ఆ ఆవిరి పుట్టడానికి వేడి అక్కరలేదు. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా నిప్పంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది. డీజిలుకు 50 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. రెండింటినీ ఒకే అలవాటుతో వాడేవారు గమనించవలసిన తేడా ఇది. లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే రెండు వందల లీటర్లకు దగ్గరగా ఆవిరి వస్తుంది. అది గాలిలో సమంగా కలిస్తే ఒక చిన్న గది మొత్తం మండే స్థితికి చేరుతుంది.

ఈ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి లేచి చెదిరిపోకుండా నేలను అంటిపెట్టుకుని పల్లానికి పారుతుంది. వాలు నేల మీద ఇంధనం పోయకూడదనడానికి ఇది ఒక కారణం. పైన ఒలికిన పెట్రోలు ఆవిరి కింద సిగరెట్టు కాల్చే మనిషి దగ్గరకు చేరుతుంది, అక్కడ అంటుకున్న మంట పైకి పాకుతుంది. అమెరికా ఇళ్ల గ్యారేజీల్లో గ్యాసుతో పనిచేసే నీటి హీటరు మంట నేలకు కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలన్న నియమం కూడా ఈ ఆవిరి స్వభావం వల్లనే వచ్చింది. ఆ నియమం ఉన్నా, పెట్రోలు క్యానును హీటరు ఉన్న గదిలో ఉంచడం తగదు. ఇంటికి అంటని కొట్టాంలో, ఎండ తగలని చోట ఉంచాలి.

యంత్రం ఆగిన వెంటనే ఇంధనం పోయకూడదనడానికి కారణం సైలెన్సరు. పనిచేస్తున్న యంత్రంలో దాని వేడి, నిప్పురవ్వ లేకుండానే పెట్రోలు ఆవిరిని అంటించగల స్థాయికి చేరుతుంది. ఇంజను ఆపి, చేతిని దగ్గర పెట్టినా సెగ తగలనంతగా చల్లారనివ్వాలి. సైలెన్సరు చుట్టూ పేరుకున్న ఎండు గడ్డిని రోజూ దులపాలి. పెట్రోలు ఒక్క చుక్క ఒలకకపోయినా ఆ గడ్డి చాలు నిప్పు పుట్టడానికి.

ట్యాంకును అంచు దాకా నింపడం మరో సాధారణ పొరపాటు. పెట్రోలు వేడికి బాగా వ్యాకోచిస్తుంది. బంకు భూగర్భ ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 20 లీటర్లు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతుంది. పైన చోటు లేకపోతే అది మూతలోని గాలి రంధ్రం నుంచి వేడి ఇంజను మీదికి కారుతుంది. వాలు మీద ఒరిగిన యంత్రంలో ఇంకా ముందే కారుతుంది. మెడ కిందిదాకా మాత్రమే నింపి ఆపాలి. యంత్రం తిరగబడితే ఇంజను ఆపి దూరంగా జరగడమే మొదటి పని. ఒలికిన పెట్రోలు ఆవిరైపోయే దాకా దాన్ని నిలబెట్టి మళ్లీ స్టార్టు చేసే ప్రయత్నం చేయకూడదు.

క్యాను, ట్రక్కు, స్థిర విద్యుత్తు

పచ్చిక పనివాళ్లు బంకు దగ్గర ట్రక్కు వెనుక భాగంలోనే క్యాన్లు ఉంచి నింపుకోవడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఇందులో కంటికి కనిపించని ప్రమాదం ఉంది. గొట్టంలో వేగంగా పారే పెట్రోలు విద్యుదావేశాన్ని మోసుకువస్తుంది. క్యాను నేలమీద ఉంటే ఆ ఆవేశం భూమిలోకి పోతుంది. ట్రక్కు అడుగున పరచిన ప్లాస్టిక్ పలక మీద ఉంటే పోయే దారిలేక క్యానులో పోగవుతుంది. నాజిల్ దగ్గరకు వచ్చినప్పుడు ఒక్క చిటుకుతో రవ్వ పుడుతుంది, సరిగ్గా ఆవిరి ఎక్కువగా ఉన్న క్యాను మూతి దగ్గరే. అందుకని క్యానును ట్రక్కు నుంచి దించి నేలమీద పెట్టాలి, నాజిల్ లోహపు కొనను క్యాను మూతికి ఆనించి ఉంచాలి, నిదానంగా నింపాలి. ట్రెయిలరు మీద ఉన్న గడ్డికోత యంత్రానికీ ఇదే వర్తిస్తుంది. దాన్ని కిందికి దించాకే పెట్రోలు పోయాలి.

క్యాను నుంచి మంట మీద పెట్రోలు పోసినప్పుడు మంట వెనక్కి క్యానులోకి పాకి పేలడం మరో రకం ప్రమాదం. అమెరికాలో పిల్లలు తెరవలేని మూతలు ఉండాలని 2008లో చట్టం చేశారు. మంటను లోపలికి పోనివ్వని జాలీ ఉండాలని 2020 డిసెంబరులో మరో చట్టం వచ్చింది. 2023 జులై 12 తర్వాత తయారైన క్యాన్లకు అది వర్తిస్తుంది. పనిచేసే చోట్ల వాడే సేఫ్టీ క్యాను ఇంకా పకడ్బందీగా ఉంటుంది. అయిదు గ్యాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు మించదు, స్ప్రింగు మూత తనంతట తానే మూసుకుంటుంది, లోపల జాలీ ఉంటుంది, ఒత్తిడి పెరిగితే దానంతటదే విడుదలవుతుంది. కొత్త క్యానులోని జాలీ నింపడానికి అడ్డంగా ఉందని పీకి పారేసేవారున్నారు. అది చేయకూడని పని.

భారతదేశంలో 1934 నాటి పెట్రోలియం చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. అమ్మకం కోసం కాని పెట్రోలు మొత్తం 30 లీటర్లకు మించనంతవరకు లైసెన్సు అక్కరలేదు. గట్టిగా మూతపడే పాత్రలోనే ఉంచాలి, గాజు లేదా పింగాణీ పాత్ర ఒక లీటరుకు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించరాదు. బ్రష్ కట్టర్లు, చేతి యంత్రాలు వాడే తోట పనివాళ్ల దగ్గర మామూలుగా కనిపించే నీళ్ల సీసా ఈ మూడింటిలో దేనికిందా రాదు. తాగే నీటి సీసాలో పెట్రోలు ఉండటం వల్ల పొరపాటున తాగే ప్రమాదమూ ఉంది. ట్యాంకు నుంచి పైపుతో నోటితో పీల్చి తీసే అలవాటు ఇంకా చెడ్డది. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి చుక్క పోయినా తీవ్రమైన వాపు తెస్తుంది. మింగినవారికి వాంతి చేయించకూడదు, ఎందుకంటే వాంతితో అది ఊపిరితిత్తుల్లోకి చేరవచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఇంధనం తీయడానికి చేతి పంపు వాడటమే మార్గం.

ఇథనాల్ తెచ్చిన కొత్త చిక్కు

అమెరికాలో గడ్డికోత యంత్రాల చిన్న ఇంజన్లు సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలుకే తయారవుతాయి. 15 శాతం కలిసిన పెట్రోలును 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు అనుమతించిన ప్రభుత్వం, ఇలాంటి యంత్రాల్లో పోయడాన్ని నిషేధించింది. బంకు దగ్గర కారుకూ క్యానుకూ ఒకే గొట్టంతో నింపేవారు పంపు మీద చీటీ చదవవలసింది ఇందుకే. భారతదేశంలో పరిస్థితి వేరు. 20 శాతం ఇథనాల్ పెట్రోలు అమ్మకం 2023లో మొదలై, 2025 నాటికి మామూలు బంకుల్లో దొరికేది దాదాపు అదే అయింది. తెలుగు రాష్ట్రాల్లో అపార్టుమెంట్ల తోటల్లో, కళాశాలల మైదానాల్లో, గోల్ఫ్ కోర్సుల్లో వాడే పాత యంత్రాలకు వేరే ఎంపిక పెద్దగా లేదు.

ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక స్థాయి మించితే ఇథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజను స్టార్టు కాదు, లేదా వాలు మీద ఉన్నట్టుండి ఆగిపోతుంది. వాలు మధ్యలో ఇంజను ఆగితే యంత్రం అదుపు తప్పే అవకాశముందని పై భాగాలు చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నెలకు మించి నిల్వ ఉన్న పెట్రోలును గట్టు పనికి వాడకపోవడం, రుతువు చివర ట్యాంకును ఖాళీ చేయడం లేదా పెట్రోలు చెడిపోకుండా ఉంచే స్టెబిలైజరు కలపడం దీనికి విరుగుడు. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన రబ్బరు గొట్టాలూ వాషర్లూ దానివల్ల ఉబ్బుతాయి, మెత్తబడతాయి, ఆ తర్వాత ఎండి పగులుతాయి. పగిలిన చోట కారే పెట్రోలు నేరుగా సైలెన్సరు ప్రాంతానికి చేరే అవకాశమున్న యంత్రాలు చాలా ఉన్నాయి. పాత యంత్రానికి ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం వేయించడం చిన్న ఖర్చుతో అయ్యే పని. అప్పటిదాకా పని మొదలుపెట్టే ముందు గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూడాలి. జిగటగా తగిలినా, వంచినప్పుడు సన్నని గీతలు కనిపించినా ఆ రోజు యంత్రాన్ని స్టార్టు చేయకుండా మెకానిక్‌కు అప్పగించాలి.